ఆదిలాబాద్‌లో ఒకటి రెండు చోట్ల వాన

పందొమ్మిదేళ్లు ఆదిలాబాద్ చలిని నేనే రాశాను. ఎండనూ నేనే రాశాను. ఆ ఊరు మాత్రం చూడలేదు.

కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో నా ఉద్యోగం. జిల్లా పేజీలు దిద్దడం అసలు పని. దానికి కొసరుగా రెండో పేజీ అడుగున అగ్గిపెట్టెంత వాతావరణం బాక్సు నింపాలి. సాయంత్రం ఇంగ్లిష్‌లో బులెటిన్ వచ్చేది. దాన్ని నాలుగు వరుసల తెలుగు చేసేదాన్ని. ప్రకటన వస్తే మూడు వరుసలు. పెళ్లిబట్టల దుకాణం ప్రకటన వస్తే ఆ రోజు ఉత్తర తెలంగాణకు వాతావరణమే ఉండేది కాదు. ఏమైందని ఎవరూ అడగలేదు, ఒక్క రూతమ్మ తప్ప.

రూతమ్మది ఆదిలాబాద్ దాటాక పెన్‌గంగ వైపు ఒక ఊరు. మూడెకరాల నల్లరేగడిలో పత్తి వేస్తుంది. ఏటా జూన్‌లో ఒకసారి డెస్కుకు ఫోన్ చేసి, "ఆదిలాబాద్ల వాన అని రాసిండ్రు. ఏ ఆదిలాబాద్ల మేడం?" అని అడిగేది. "బులెటిన్ల గట్లనే ఉన్నదమ్మా" అనేదాన్ని.

నిరుడు మాత్రం బులెటిన్‌లో అలా లేదు. అందులో "ఒకటి రెండు చోట్ల" అని ఉంది. ఈ మాటలకు వాతావరణం వాళ్ల దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఒకటి రెండు చోట్ల అంటే నాలుగో వంతు చోట్లకు మించి పడదని. "పలుచోట్ల" అనే మాట వాళ్ల లెక్కలో లేదు. వరుస నిండుగా కనిపిస్తుందని నేను పెట్టాను. రూతమ్మ అది చదివి విత్తింది. ఆ తర్వాత పన్నెండు రోజులు చుక్క పడలేదు, గింజ భూమిలోనే మాడిపోయింది. ఫోన్ చేసి ఆ ముక్క చెప్పింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఒక్కపాలి వచ్చి సూడు అక్కా, మా కాడ ఆకాశం ఎట్లుంటదో" అంది.

ఈ ఏడు మా ఎడిషన్‌ను ఇంకో ఎడిషన్‌లో కలిపేశారు. నాకు శాలువా కప్పి, గోడగడియారం ఇచ్చి పంపారు. గడియారం నడవదు. తీరిక మాత్రం దొరికింది. రూతమ్మకు ఫోన్ చేస్తే, ఈసారి ఆమె దగ్గర ఆరే ప్యాకెట్లున్నాయనీ, ఆ రకం విత్తనం దుకాణాల్లో అయిపోయిందనీ చెప్పింది. "గివి గూడ మాడితే గీ ఏడు భూమి పడావే అక్కా" అంది. పడావు అంటే బీడు. నేను వస్తున్నానన్నాను. దారిపొడవునా దొరికిన పేపరల్లా కొనాలనీ, కనబడిన చానెలల్లా చూడాలనీ, మా ఆకాశం గురించి ఎవరు ఎంత చెబుతున్నారో రాసుకోవాలనీ ఒక నోటుబుక్కు కొన్నాను.

మిరుగం చేప

బయలుదేరే ముందురోజు మిరుగం, అంటే మృగశిర కార్తె మొదలు. ఆ రోజు కరీంనగర్‌లో చేప వండని ఇల్లు తక్కువ. మిరుగం నాడు చేప తింటే ఏడాదంతా దగ్గు, ఉబ్బసం రావని మా అవ్వ నమ్మేది. మా ఆయనకు ఆ నమ్మకం లేదు, చేప మీద మాత్రం ఉంది. మామూలు రోజు నూట అరవైకి వచ్చే రవ్వ చేప ఆ రోజు మూడు వందలన్నాడు చేపలాయన. బేరమాడితే "రేపు రాండ్రి మేడం, రేపు ఎవలు కొనరు" అని సలహా ఇచ్చాడు.

ఆ పొద్దున మూడు పేపర్లు కొన్నాను. ఢిల్లీ నుంచి వచ్చే ఇంగ్లిష్ పేపరు రుతుపవనాలకు ఒక పేజీ నిండా చోటిచ్చింది. కేరళ తీరం, సముద్రం వేడి, గ్రాఫులు, ఇద్దరు శాస్త్రవేత్తల మాటలు. చదువుకున్నవాళ్ల రాత. తెలంగాణ అనే మాట ఎక్కడా లేదు. హిందీ పేపరు ఢిల్లీలో ఏ కాలనీలో ఎంత ఎండో కాలనీల వారీగా రాసింది. మా తెలుగు పేపరు మొదటి పేజీలో "నైరుతి వచ్చేసింది" అని ఎర్రక్షరాలు పెట్టి, కింద గొడుగు పట్టుకుని పరుగెత్తే ఇద్దరు పిల్లల ఫోటో వేసింది. ఆ ఫోటో నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్లు నేనే వాడాను. ఆ పిల్లలు ఈపాటికి డిగ్రీ పూర్తి చేసి ఉంటారు.

చొప్పదండి: ఎవరూ చదవని వరుస

చొప్పదండిలో మా పక్కింటావిడ తమ్ముడు రాజమౌళి ఉన్నాడు. ఇంట్లో రెండు సాంచాలున్నాయి. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. అది నడుస్తుంటే ఎదురుగా ఉన్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. నేను వెళ్లేసరికి ఆయన బకెట్టుతో నేల మీద నీళ్లు చల్లుతున్నాడు. ఇల్లు కడుగుతున్నాడనుకుని చెప్పులు విప్పి బయటే నిలబడ్డాను.

"కడుగుతలే మేడం, రాండ్రి" అన్నాడు. "గాలి పొడిగున్నదంటే పోగు తెగుతది. పోగు తెగితే సాంచా ఆపాలె, అతుకు పెట్టాలె. నీళ్లు సల్లితే జర తేమ వస్తది."

నేను పేపర్లో పనిచేసినట్టు అక్క చెప్పిందట. చాయ్ తెప్పించాడు.

"మీ పేపర్ల తేమ శాతం అని ఒక లైను వచ్చేది. మంచిగుండె. దాన్ని సూసి పొద్దుగాల ఎన్ని బకెట్లు సల్లాల్నో అంచనా కడుదును. మూడేండ్లాయె, వస్తలేదు. ఏ బద్మాష్ తీసేసిండో."

బాక్సులో వరుస తగ్గించాల్సి వస్తే నేను మొదట కత్తిరించేది తేమనే. చివరికి రోజూ తీసేయడమే అలవాటైంది. ఎవరు చదువుతారులే అనుకున్నాను.

"ఎవలో తెల్వదన్నా" అన్నాను. చాయ్ బాగుంది. నోటుబుక్కులో ఆ పూట ఏమీ రాయలేదు.

మంచిర్యాల: గదిలో నాలుగు ఆకాశాలు

రాయపట్నం వంతెన మీద గోదావరి దాటాం. నీళ్లు ఒక పక్కకు ఒదిగి, మిగతాదంతా ఇసుక. మంచిర్యాలలో స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగి, మంచం మీద కూర్చుని రిమోట్ పట్టుకున్నాను. బయట మబ్బు తునక లేదు.

ఇంగ్లిష్ చానెల్‌లో ఢిల్లీలో ఒక వంతెన కింద నీళ్లు నిలిచి ఒక బస్సు ఆగిపోయింది. దాని మీద నలభై నిమిషాలు చర్చ నడిచింది. నలుగురు నిపుణులు డబ్బాల్లో కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన రక్షణ రంగ నిపుణుడు. ఆ పూట ఖాళీగా ఉన్నట్టున్నాడు. దేశం మ్యాపు చూపించినప్పుడు మంచిర్యాల ఎక్కడుందో వెతికాను. కుడిపక్కన పెట్టిన ప్రకటన సరిగ్గా మా మీదే ఉంది.

హిందీ చానెల్‌లో యాంకరమ్మ స్టూడియోలోనే రెయిన్‌కోటు తొడుక్కుని, గొడుగు పట్టుకుని, గాలికి ఊగిపోతూ వార్తలు చదివింది. గాలి ఎదురుగా ఫ్యానుది. అయినా ఆమె కష్టపడింది, ఆ మాట ఒప్పుకోవాలి.

తెలుగు చానెల్ రెండు రాజకీయ తిట్ల మధ్య రెండు నిమిషాలిచ్చింది. ఉరుము చప్పుడు, ఒక కొబ్బరిచెట్టు మీద మెరుపు, "ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకు భారీ వర్ష సూచన". ఇప్పుడు నాలుగు జిల్లాలైన ఆ నేలంతా వాళ్లకు ఒకే ముద్ద. మా వైపు ఆకాశం మీద కొబ్బరిచెట్టు ఎందుకుందో ఎవరూ చెప్పలేదు.

చివరికి ఒక విదేశీ చానెల్ పెట్టాను. ప్రపంచమంతటి వాతావరణం రెండు నిమిషాల్లో చెప్పేశారు. మనకు ఒక్క వాక్యం వచ్చింది: భారతదేశంలో కొన్నిచోట్ల జల్లులు. అబద్ధం కాదు. ఇంత పెద్ద దేశం గురించి ఆ మాట ఏ రోజు చెప్పినా నిజమే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

సాయంత్రం కింద బండి దగ్గర మిర్చి బజ్జీలు తింటూ ఇంగ్లిష్ పేపరు పక్కన పెట్టాను. బండాయన దాన్ని తన కాగితాల్లో ఒకటనుకుని, రెండో ప్లేటు బజ్జీలు రుతుపవనాల పేజీలోనే కట్టి ఇచ్చాడు. నూనె కేరళ తీరాన్ని తాకి తూర్పుకు విస్తరించింది. ఇరవై రూపాయలకు నాలుగు బజ్జీలు, ఉల్లిగడ్డ వేరే అడగాలి.

బెల్లంపల్లి: సముద్రంలోకి వెళ్లని మనిషి

బెల్లంపల్లిలో ఆదిలాబాద్ బస్సు కోసం రెండు గంటలు కూర్చున్నాను. బెంచీ మీద పక్కన ఒక పెద్దాయన చిన్న రేడియో చెవికి ఆనించుకుని ఉన్నాడు. పేరు రాయలింగు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడట. వాతావరణం ఎక్కడ వింటారని అడిగాను.

"రేడియోలనే. బాయిల దిగినోనికి వాన లేదు, ఎండ లేదు బిడ్డా. మొదటి షిఫ్టుకు దిగితే మొగులున్నదో ఎండున్నదో మల్ల పైకొచ్చినంకనే ఎరుక. గందుకే రేడియో అలవాటైంది."

"మంచిగ చెప్తరా?"

"చెప్తరు. మత్స్యకారులు సముద్రంలకు పోవద్దు అని చెప్తరు. ఎన్నేండ్ల సంది ఇంటున్ననో. నేను ఒక్కనాడు పోలే."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. సముద్రం ఆ బెంచీకి ఒక పూట ప్రయాణంలో కూడా లేదు.

నేను ఎందుకు వెళ్తున్నానో చెప్పాను. రూతమ్మ సంగతి, ఆరు ప్యాకెట్ల సంగతి కూడా చెప్పాను. ఆయన రేడియో ఆపేశాడు.

"వాన రాకడ, పానం పోకడ ఎవలకెరుక అంటరు. బాయిల పనిచేసినోనికి రెండోది జర ఎక్కువెరుక. నీకు మొదటిది ఎరుకనా?"

"ఎరుక లేదు పెద్దయ్యా."

"మరి పోయి ఏం చెప్తవ్?"

బస్సు వచ్చింది. ఎక్కేశాను.

ఆదిలాబాద్: అవతలి ఒడ్డు పేపరు

ఆదిలాబాద్‌లో నాకు మొట్టమొదట చలి వేయాలి. పందొమ్మిదేళ్ల బాకీ. జూన్ కావడంతో చెమట పట్టింది. లాడ్జి గల్లాపెట్టె దగ్గరాయనతో, ఇక్కడి చలి గురించి నేను చాలా రాశానని చెప్పాను. "గంత చలి ఉండదు మేడం, పేపరోళ్లు ఎక్కువ చేస్తరు" అన్నాడు.

బస్టాండులో తెలుగు, హిందీ, మరాఠీ ఒకే వాక్యంలో వినపడతాయి. పేపర్ల దుకాణంలో మరాఠీ పేపరు మిగతా భాషల పేపర్ల కంటే పైన పెట్టాడు. నాకు మరాఠీ రాదని చెబితే, గిరాకీ లేని వేళ కావడంతో దుకాణాయన ఓపిగ్గా చదివి వినిపించాడు. ఐదో పేజీ సగం వాతావరణమే. ఏ తాలూకాలో ఇప్పటిదాకా ఎంత కురిసిందో పట్టీ వేశారు. దాని పైన పెద్ద అక్షరాల్లో, "విత్తడానికి తొందరపడకండి, భూమి బాగా తడిసేదాకా ఆగండి" అని రాశారు. వాన వార్తలో రైతును పేరు పెట్టి పిలిచినంత పనిచేసిన పేపరును అప్పుడే చూశాను. నేను పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా "ఆగండి" అని రాయలేదు. ఆ ఆలోచనే రాలేదు.

పక్కన మ్యాపు ఉంది. అవతలి ఒడ్డున పెన్‌గంగ దాకా ఊళ్ల పేర్లతో సహా ఉంది. నది ఇవతల వట్టి తెల్లకాగితం. రాష్ట్రం మారింది కదా.

"మరి గీడ?" అని తెల్లకాగితం మీద వేలు పెట్టాను.

"గీడ మనమున్నం" అన్నాడు దుకాణాయన.

పది రూపాయలిచ్చి రెండు ప్రతులు కొన్నాను, ఒకటి రూతమ్మకు.

రూతమ్మ పొయ్యి దగ్గర

శనివారం మధ్యాహ్నానికి రూతమ్మ ఊరు చేరాను. ఫోన్‌లో గొంతు విని పెద్ద మనిషి అనుకున్నాను. సన్నగా, నా భుజం దాకా ఉంది. "వందనాలు అక్కా" అని నా సంచి లాక్కుంది. ఆమెది ఊళ్లోని మెథడిస్టు సంఘం. పుట్టిల్లు పెన్‌గంగ అవతల, అందుకని మరాఠీ చదువుతుంది. భర్త పోయి ఆరేళ్లు. కూతురు నిర్మల్‌లో నర్సు. భూమి సంగతి మొత్తం తనదే.

జొన్నరొట్టె, పచ్చిమిర్చి నూరిన ఠేసా, శనగపిండి ఉడికించిన పిట్ల పెట్టింది. మా కరీంనగర్‌లో జొన్నరొట్టె తింటున్నామంటే షుగర్ ఎంతుందని అడుగుతారు. ఇక్కడ అందరూ తింటారు, ఎవరికీ షుగర్ లేనట్టే ఉన్నారు. ఠేసా మొదటి ముద్దకే నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. అదే అదను అనుకుని చెప్పేశాను.

"నిరుడు పలుచోట్ల అని బులెటిన్ల లేకుండె రూతమ్మా. నేనే రాసిన. లైను నిండుతదని."

రొట్టె తిప్పబోతున్న చెయ్యి ఆగింది.

"లైను నిండుతదనా?"

"ఆఁ."

పెనం మీద రొట్టె మాడింది. దాన్ని తన పళ్లెంలో వేసుకుని, ఇంకొకటి చేసి నాకు పెట్టింది. చేతులు కడుక్కున్నాక అంది: "గీ ఏడు నిజం చెప్పు. ఒకసారి తప్పు రాసినోళ్లు రెండోసారి సోంచాయించి చెప్తరు."

ఆరు ప్యాకెట్లు గూట్లో బైబిల్ పక్కన ఉన్నాయి. ఒక్కో ప్యాకెట్టు అరెకరానికి. తీసి చూపించి మళ్లీ అక్కడే పెట్టింది.

చేతులెత్తిన వాన

ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. విత్తనాల ప్రార్థన కాకముందు ఎవరూ విత్తరు. విత్తనాలు గుడికి తెచ్చి, అయ్యగారు, అంటే పాస్టరుగారు, ప్రార్థన చేశాక మర్నాడు చేనుకు వెళ్తారు. ప్రార్థన ఏ ఆదివారమన్నది మాత్రం ముందురోజు సాయంత్రం కమిటీ పదకొండుమంది చాపల మీద కూర్చుని చేతులెత్తి తేలుస్తారు. అంటే వాన వస్తుందా రాదా అని ఓటేస్తారన్నమాట. ఇలాంటి ప్రజాస్వామ్యం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఒక్కొక్క చెయ్యి వెనక ఒక్కొక్క చానెల్ ఉందని కాసేపట్లోనే అర్థమైంది. తెలుగు చానెల్ చూసే ఆరుగురూ రేపే ప్రార్థన అన్నారు. హిందీ చానెల్ చూసే టీచరుగారు, యాంకరమ్మ గొడుగు చూసి కాబోలు, వాళ్లతో కలిశారు. అయ్యగారు ఇంగ్లిష్ చానెల్ చూస్తారు. అందులో తెలంగాణ రాలేదు కాబట్టి ఆయనకు అభిప్రాయం లేదు. రూతమ్మ, ఇంకో ఇద్దరు చేతులెత్తలేదు. అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు యోహాను. అతని చేను రూతమ్మ చేనుకు ఆనుకునే ఉంటుంది.

"పేపరు మేడం వచ్చిండ్రు గద, ఆమెను గూడ అడుగుదం" అన్నారు అయ్యగారు.

లేచి, ఫోన్‌లో ఆ రోజు బులెటిన్ ఇంగ్లిష్‌లో ఎలా ఉందో అలాగే చదివాను. ఐదు రోజులూ ఆదిలాబాద్ జిల్లాలో ఒకటి రెండు చోట్ల. ఒక్క మాట మార్చలేదు. తర్వాత తెలుగులో చెప్పాను. "అంటే పదూళ్లుంటే రెండు ఊళ్లకు పడ్తది. మీది గా రెండిట్ల ఉన్నదో లేదో ఎవలకు తెల్వదు. అవతలి పేపరోళ్లు ఆగుమంటుండ్రు. జానెడు లోతు తడిసేదాక ఆగుండ్రి."

"నిరుడు గూడ మీరే రాసిరి గద మేడం?" అన్నాడు యోహాను.

"రాసిన."

"గప్పుడు తప్పు, గిప్పుడు ఒప్పా?"

నేను కూర్చున్నాను. పది నిమిషాలకు వాన మొదలైంది. ముప్పావుగంట కురిసింది. కమిటీ మొత్తం గుమ్మంలో నిలబడి చూసింది. కొందరు వాన వైపు, కొందరు నా వైపు. యోహాను మర్యాద తెలిసిన మనిషి. ఇంటికి బయల్దేరుతుంటే నా చేతికి తన గొడుగిచ్చి, "పైలం మేడం, ఒకటి రెండు చోట్ల పడుతుంది" అన్నాడు.

చేనుకు వెళ్లి చూద్దామంది రూతమ్మ. నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు. పది అడుగులకే ఒక్కో పాదం రెండు కిలోలైంది. పదకొండో అడుగులో కుడికాలి చెప్పు భూమిలో ఉండిపోయింది. ఎంత లాగినా పట్టీ చేతికొచ్చింది గానీ చెప్పు రాలేదు. రూతమ్మ కొడవలి మొనతో తవ్వి, వేళ్లు పెట్టి కొలిచింది.

"నాలుగు వేళ్లు. కింద పొడే. నిరుడు గూడ గింతనే." లేచి నిలబడింది. "నువ్వు ఆగుమంటున్నవ్ గద?"

"ఆఁ."

"పక్కానా?"

"పక్కా ఏం లేదు రూతమ్మా."

చాలాసేపు ఆకాశం వైపు చూసింది. "అయితే ఆగుత" అంది.

ఎండ కావాలి

ఆదివారం అందరూ విత్తనాలు తెచ్చి బల్ల ముందు పెట్టారు. ప్రార్థనయ్యాక ఎవరివి వాళ్లు తీసుకున్నారు. సోమవారం ఊరంతా విత్తింది. రూతమ్మ ఆరు ప్యాకెట్లు మాత్రం మళ్లీ గూట్లోకే వచ్చాయి. ప్రార్థన చేసిన విత్తనం ఇంట్లో ఉంచుకోవడం ఆ ఊళ్లో ఇదే మొదలట. బోరింగు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవాళ్లు.

ఒక్క రాత్రి ఉందామని వెళ్లినదాన్ని, కదలలేకపోయాను. వాన మళ్లీ పడిందంటే నా మూలంగా రూతమ్మ వెనకబడుతుంది. పత్తికి పది రోజులు ఆలస్యమంటే ఒక విడత ఏరుడు తగ్గినట్టే. పొద్దున లేవగానే బయటికొచ్చి మబ్బులు చూసేదాన్ని. మబ్బు లేకపోతే ప్రాణం కుదుటపడేది. మూడో రోజు ఆ సంగతి నాకే తెలిసొచ్చింది. ఎండ కాయాలని కోరుకుంటున్నాను. అంటే యోహాను గింజ మాడాలని కోరుకుంటున్నానన్నమాట. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎండైనా వానైనా నాకు ఒకటే. ఇప్పుడు నాకూ ఒక పక్షం వచ్చింది.

టీవీలో ముంబై మునిగింది. రైలు పట్టాల మీద నీళ్లు ఎన్ని అంగుళాలో ఇంగ్లిష్, హిందీ చానెళ్లు గంటగంటకూ చెప్పాయి. తెలుగు చానెల్ రుతుపవనాలు చురుగ్గా ఉన్నాయంది. ఈ ఊళ్లో తడి ఎన్ని వేళ్లుందో చెప్పినవాళ్లు లేరు. ఆ నాలుగు వేళ్లు మూడయ్యాయి, రెండయ్యాయి.

ఆరో రోజు యోహాను చేనులో మొలక కనబడింది. రెండేసి ఆకులతో బారులు తీరి చక్కగా ఉంది. "సూసినవా మేడం" అన్నాడు గట్టు మీది నుంచి. చూశానన్నాను. ఎనిమిదో రోజుకు ఆ ఆకులు వాలిపోయాయి. నా మాట నిజమైంది. సంతోషించాను. ఒక్క క్షణమే, కానీ సంతోషించాను. తర్వాత సిగ్గేసింది.

చెంబుతో

తొమ్మిదో రోజు పొద్దున యోహాను ఇంటివాళ్లు బిందెలతో చేనుకు నీళ్లు మోయడం మొదలుపెట్టారు. చేను చివర బోరింగు కొట్టి, బిందె నింపి, ఒక్కో మొలక మొదట్లో చెంబుతో కొంచెం కొంచెం పోస్తున్నారు. నాలుగెకరాలు. చూస్తుండగానే రూతమ్మ ఇంట్లోకి వెళ్లి తన బిందె తెచ్చుకుని గట్టు దాటింది. ఎవరూ పిలవలేదు. యోహాను భార్య జరిగి బోరింగు దగ్గర చోటిచ్చింది.

నేనూ వెళ్లాను. నడుము మీద బిందె పెట్టుకోవడం నాకు రాదు. మొదటి బిందెలో సగం నా చీరే తాగింది. రెండోది కాస్త నయం. మధ్యాహ్నం దాకా పోస్తే రెండు సాళ్లు అయ్యాయి. వెనక్కి తిరిగి చూస్తే మొదట పోసినచోట తడి అప్పుడే ఆరిపోయింది.

యోహాను నా దగ్గరికి వచ్చి చెంబు తీసుకున్నాడు. మొహం ఎండకు కమిలి ఉంది.

"మీ పేపర్ల రాసుకోండ్రి మేడం. యోహాను చేన్ల ఇయ్యాల వాన కురిసింది. చెంబుతోని."

"నాకిప్పుడు పేపరు లేదన్నా" అన్నాను.

"అయితే ఇంగో బిందె తేండ్రి" అన్నాడు.

తెచ్చాను. మర్నాడు పొద్దున బస్సెక్కేదాకా మోశాను. బస్సులో కూర్చున్నాక చూస్తే అరచేతులు రెండూ బొబ్బలే. రూతమ్మ ప్యాకెట్లు అప్పటికీ గూట్లోనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక

తిరిగొచ్చిన ఆరో రోజు, పొయ్యి మీద పప్పు పెట్టి ఉండగా రూతమ్మ ఫోన్ చేసింది. రెండు రోజులు దంచి కొట్టిందట. జానెడు లోతు దాటి తడిసిందట. "ఇత్తనం పెట్టిన అక్కా" అంది.

"మూడెకరాలు పెట్టినవా?"

"రెండున్నర."

"గదేంది, ఆరు ప్యాకెట్లు ఉండె గద?"

"యోహానుకు సగం సాళ్లు పోయినయ్. నడుమల నడుమల సందులు వడ్డయ్. దుకాన్ల గా ఇత్తనం లేదాయె. ఒక ప్యాకెట్ ఇచ్చిన. నా అరెకరంల కందులేస్త."

నాకు కోపం వచ్చింది. ఎందుకో తెలియదు గానీ వచ్చింది. ఆ అరెకరం కోసం నేను పది రోజులు ఆకాశాన్ని తిడుతూ కూర్చున్నాను.

"ఆయన ఇనకపాయె గద రూతమ్మా. అందరి ముంగట నన్ను నవ్వులపాలు చేసే. నువ్వు ఆగినవు, నీకు మిగిలింది."

"అవునక్కా. నువ్వు ఆగుమన్నవ్, నేను ఆగిన. ఆయన ఆగలే. గంత దానికే ఒకలు తినాలె, ఒకలు పస్తుండాల్నా?"

అక్కర్లేదన్నాను. ఆమె కందుల ధర అడిగింది, కనుక్కుని చెబుతానన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. వంటింట్లో నిలబడి బాగా ఏడ్చాను. తర్వాత మాడిన వాసన వస్తే, పప్పు దించేసి, కంది ధర కనుక్కోవడానికి మార్కెట్‌కు బయల్దేరాను.